ఏడు పచ్చ గూళ్ళు

చిమ్‌కెంత్,
1988 ఏప్రిల్ 3.

అమ్మా మస్తూరా,

పెద్దమ్మ అంజిరత్ చెబుతోంది, పొరుగింటి నైలా రాస్తోంది. ఈవిడ తాతార్ మనిషి. ముప్పై ఏళ్ళు మందుల దుకాణంలో పనిచేసి ఈమధ్యే మానుకుంది. ఈ రాత అర్థం కాకపోతే ఆవిణ్ణి తిట్టుకో, నన్ను కాదు. "ఇది కూడా రాస్తున్నాను, తెలుసా" అంటోంది. రాయనీ.

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. కోకంద్‌లో పత్తి వ్యాపారి సయ్యిద్‌బాయ్ పాత లోగిలిని మ్యూజియం చేస్తున్నారనీ, అతిథుల గది గోడలు బాగుచేసే పని నీకూ, నీ ఇద్దరు పనివాళ్ళకీ అప్పగించారనీ రాశావు. "అది పెదనాన్న ముప్పై ఏళ్ళ కిందట బాగుచేసిన గది పెద్దమ్మా! గుమ్మం పక్కన 'ఉస్తా నేమత్' అని ఆయన పేరు చెక్కిన పలక ఇంకా ఉంది" అన్నావు. ఈ మాట వింటే ముసల్దానికి రెక్కలొస్తాయనుకున్నావు కాబోలు. తుంటి విరిగి ఆర్నెల్లయింది. రెక్కల మాట దేవుడెరుగు, మరుగుదొడ్డి దాకా వెళ్ళిరాగలిగితే అదే పండగ.

ఇక పని సంగతి. గంచ్ పూతకి (జిప్సం గార అంటే తప్ప నైలాకి తెలియలేదు) నీళ్ళు పగ. నిన్ను పెంచిన చేత్తోనే నేర్పాను, మళ్ళీ చెబుతున్నాను. పాత పూతని తడిపావంటే లోపల నిద్రపోతున్న ఉప్పంతా లేచి పైకి వస్తుంది, చెక్కిన పువ్వుల అంచులు పుండ్లు పడ్డట్టు రాలిపోతాయి. పొడిగానే గోకు. సందుల్లో దుమ్ముని రెల్లు గొట్టంతో నోటితో ఊదు. ఈ కాలపు ఇంజనీర్లు మూతికి గుడ్డలు కట్టుకోమంటారట. మీ పెదనాన్న గోడ ముందు ముఖం దాచుకుని నిలబడ్డ రోజు ఒక్కటి లేదు.

ఇంకొక్క మాట. ఉత్తరపు గోడలో ఏడు గూళ్ళున్నాయి, లోపలంతా పచ్చ రంగు. వాటి జోలికి పోకు. మిగిలిన గది అంతా నీ ఇష్టం. ఆ గూళ్ళు మాత్రం ఉన్నవి ఉన్నట్టు వదిలెయ్యి. ఎందుకని అడక్కు. ఆయన చివరి పని అది.

పిల్లలకి ముద్దులు.

నీ పెద్దమ్మ.


కోకంద్,
1988 ఏప్రిల్ 21.

పెద్దమ్మకి సలాం.

నైలా ఆంటీ గారి రాత ముత్యాల్లా ఉంది. చీవాట్లు మాత్రం మీవే, గుర్తుపట్టాను.

మీరు ముట్టుకోవద్దన్న గూళ్ళనే మ్యూజియం కమిషన్ ముందుగా చెయ్యమంటోంది. ఒక మూల పెచ్చు ఊడితే పచ్చ కింద నీలం కనిపించింది. అది వ్యాపారి కాలం నాటి అసలు రంగట. పచ్చ తర్వాత వేసింది కనుక తీసెయ్యాలని తీర్మానం చేశారు. మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. పెదనాన్న పలకకి ఏమీ కాదు, నేను అడిగి ఖాయం చేసుకున్నాను.

మా బృందం సంగతి చెప్పలేదు కదూ. హిక్మత్ అన్నకి యాభై అయిదు. ఉలి పట్టుకున్నంత సేపూ పాడుతూనే ఉంటాడు. రానో నా ఈడుదే, చెయ్యి చాలా మెత్తన. నిన్న ఇంజనీరు మాస్కులు మూడు, చేత్తో కొట్టే పిచికారీ ఒకటీ తెచ్చిచ్చాడు. "గోడని కాస్త తడుపుతూ గోకండి, దుమ్ము లేవకూడదు" అన్నాడు. హిక్మత్ అన్న మాస్కుని అటూ ఇటూ తిప్పి చూసి, "బాబూ, ఇది పెట్టుకుంటే టీ ఎటు పోసుకోవాలి? చెవిలోనా?" అన్నాడు. రానో నవ్వాపుకోలేక నిచ్చెన పట్టుకుంది. నేను మీ మాటే చెప్పాను, గంచ్‌కి నీళ్ళు పగ అని.

ఇంజనీరు మాత్రం నవ్వలేదు. "పాత గోడ అక్కా. ఆ పచ్చలో ఏం కలిపారో ఎవరికి తెలుసు? తాష్కెంత్ పంపించి పరీక్ష చేయించాలంటే మూడు నెలలు పడుతుంది" అన్నాడు. నేను గర్వంగా, "మా పెద్దమ్మకి తెలుసు. ఆ గూళ్ళకి రంగు కలిపింది ఆవిడే" అన్నాను. "అయితే ఆవిణ్ణి అడిగి రాయించండి. భయం లేదని ఆవిడంటే నేను సంతకం పెడతాను, పరీక్ష అక్కర్లేదు" అన్నాడు.

అందుకే అడుగుతున్నాను పెద్దమ్మా. ఆ పచ్చలో ఏముంది? ఇంజనీరు ఫైల్లో పెట్టుకుంటాడు, కాబట్టి తిట్లు వేరే కాగితం మీద రాయించండి.

మీ మస్తూరా.


చిమ్‌కెంత్,
1988 మే 5.

మస్తూరాకి,

ఇది ఇంజనీరు ఫైలుకి. ఆ పచ్చలో గంచ్, ఎముకల జిగురు, పచ్చ రాయి నూరిన పొడి ఉన్నాయి. ఇంకేమీ లేదు.

ఇది నీకు. మీ కమిషన్‌లో ఒక్కరైనా చేత్తో గంచ్ పిసికారా? ముప్పై ఏళ్ళు ఏ నష్టమూ లేకుండా నిలబడిన రంగుని గోకి పారెయ్యమనడానికి వాళ్ళకి నోరెలా వచ్చింది? కింద నీలం ఉందట! నా చర్మం కింద కూడా నెత్తురుంది, దాన్ని చూడ్డానికి నన్ను ఒలుస్తారా? వద్దని చెప్పు. నీకు చేతకాకపోతే పని మానేసి ఇంటికి పో. ఆ గది తప్ప కోకంద్‌లో గోడలే లేవా?

వాళ్ళు వినకపోతే, నువ్వూ మొండికేస్తే, ఇవైనా చెయ్యి. పరంజా మీద కూర్చుని తిండి తినకండి. కిందికి దిగి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాకే రొట్టె విరవండి. పనిబట్టలు అక్కడే విప్పి వెళ్ళు, ఇంటికి తీసుకెళ్ళకు. ఆ బట్టలతో పిల్లల్ని ఎత్తుకోకు. ఇదంతా ఎందుకని అడుగుతావు. రొట్టెకి మర్యాద ఉంది, అందుకు.

నైలా కలం ఆపి నా ముఖంలోకి చూస్తోంది. "రొట్టె మర్యాదకి మోచేతుల దాకా ఎందుకక్కా?" అంటోంది. నీకెందుకమ్మా, రాయవమ్మా అన్నాను.

పెద్దమ్మ.


కోకంద్,
1988 జూలై 10.

పెద్దమ్మకి సలాం.

రెండు నెలలు ఉత్తరం రాయలేదని కోపంగా ఉన్నారేమో. మీ కాగితం రాగానే ఇంజనీరు సంతకం పెట్టాడు, మేం పచ్చ మీద పడ్డాం. ఏడింటిలో నాలుగు గూళ్ళు అయిపోయాయి. మీరు బాధపడతారని తెలిసీ చెబుతున్నాను. ఆ నీలం మీరు చూడాలి పెద్దమ్మా! తెల్లారి సూర్యుడు తూర్పు కిటికీలోంచి పడితే, గూటిలో ఎవరో నీళ్ళు పోసి ఉంచినట్టుంటుంది.

పొడిగానే గోకాం, మీరు నేర్పినట్టే. పచ్చ దుమ్ము సన్నగా, పిండిలా లేస్తుంది. సాయంత్రానికి మా కనురెప్పల మీద కూడా పచ్చే. హిక్మత్ అన్న అద్దంలో చూసుకుని, "ఈ వయసులో నాకు చిగుళ్ళు వేస్తున్నాయే!" అన్నాడు. పాపం, ఇప్పుడు ఆయన గొంతు బొంగురుపోయింది. పాట లేదు, గరగర మాత్రమే. రానోకి అరికాళ్ళలో చీమలు పాకుతున్నట్టు ఉంటోందట. నిచ్చెన మెట్టు మీద కాలు పడిందో లేదో కిందికి చూసుకుంటే తప్ప తెలియడం లేదంటుంది. కొత్త చెప్పులు బిగుతుగా ఉన్నాయని తిట్టుకుంటోంది. నాకు ముక్కు లోపల ఒక పుండు, నెల నుంచి మానడం లేదు. ముగ్గురికీ కడుపు సరిగ్గా ఉండటం లేదు. ఆప్రికాట్లు కాచే రోజులు కదా, అందరికీ అంతే. రొట్టె పరంజా మీదే తింటున్నాం, కోప్పడకండి. పూటకోసారి అన్ని మెట్లు ఎవరు దిగి ఎక్కుతారు?

ఒక తమాషా చెప్పనా? మా ముగ్గురి గోళ్ళ మీదా అడ్డంగా తెల్ల గీతలొచ్చాయి. ఒక్కొక్క గోటికి ఒక్కొక్కటి, తిన్నగా, దారం పెట్టి గీసినట్టు. గంచ్ గోళ్ళలోకి దిగిందని రానో అంటుంది. "సర్కారు పతకం ఇవ్వలేదు, గోడే ఇచ్చింది" అని హిక్మత్ అన్న.

వచ్చే వారం అయిదో గూడు మొదలుపెడతాం.

మీ మస్తూరా.


టెలిగ్రాం.
చిమ్‌కెంత్, 18 జూలై.

పచ్చ ముట్టుకోవద్దు. అది విషం. ముగ్గురూ ఈరోజే ఆసుపత్రికి వెళ్ళండి. పురుగుల మందు, పళ్ళతోటల పచ్చ పొడి అని డాక్టరుతో చెప్పండి. ఉత్తరం వెనకే వస్తోంది. పెద్దమ్మ.


చిమ్‌కెంత్,
1988 జూలై 18.

మస్తూరా,

టెలిగ్రాం అంది ఉంటుంది. అందగానే వెళ్ళి ఉంటావు. వెళ్ళకపోతే ఈ కాగితం ఇక్కడే పారేసి వెళ్ళు, తర్వాత చదువుకోవచ్చు.

నైలా నీ ఉత్తరం చదివి వినిపించింది. హిక్మత్ చిగుళ్ళు వేయడం దగ్గర నవ్వింది. చీమల దగ్గర నవ్వు ఆపింది. గోళ్ళ దగ్గరికి వచ్చేసరికి కాగితం ఒళ్ళో పెట్టుకుని, "అంజిరత్ అక్కా, విషం ఒంట్లోకి దిగితే ఈ గీతలొస్తాయని మా పుస్తకాల్లో చదివాను" అంది. నేను పుస్తకంలో చూడలేదు. మనిషి చేతి మీద చూశాను. మీ పెదనాన్న పది వేళ్ళ మీదా చూశాను.

ఆ గది బాగుచేసింది యాభై ఆరులో. అక్టోబరు విప్లవం పండగకి తలుపులు తెరవాలని పైనుంచి ఒకటే ఒత్తిడి. నీలం అప్పటికే సగం రాలిపోయింది, అంతటా పచ్చ వెయ్యండి అన్నారు. పచ్చ రంగు మాత్రం పంపలేదు. అప్పుడు మీ పెదనాన్న సామూహిక తోటలో ఆపిల్ చెట్లకి చల్లే పచ్చ పొడి తెచ్చాడు. దాన్నే జిగురులో కలిపించాడు. రంగు అద్భుతంగా వచ్చింది. రెండేళ్ళకి మనిషి పోయాడు.

ఇది నాకు తెలుసు. అయినా నీకు రాయలేదు. ఆయన పేరు పోతుందని రాయలేదు. పోయినవాడి మర్యాద కాపాడబోయి బతికున్న నిన్ను ఆ దుమ్ములో నిలబెట్టాను.

డాక్టరు ఏమన్నాడో ఒక్క ముక్క రాయి. పిల్లల గోళ్ళు కూడా చూడు. పనిబట్టలు ఇంటికి తీసుకెళ్ళలేదని రాయి.

పెద్దమ్మ.


కోకంద్, ప్రాంతీయ ఆసుపత్రి,
1988 జూలై 30.

అంజిరత్ పెద్దమ్మ గారికి,

ముగ్గురం ఆసుపత్రిలో ఉన్నాం. రోజూ సూదులు వేస్తున్నారు. పిల్లలకి ఏమీ లేదు. పనిబట్టల మాట మాత్రం విన్నాను, ఎందుకో తెలియకపోయినా. మీరు చెప్పిన వాటిలో నేను విన్నది అదొక్కటే. అదొక్కటే పనికొచ్చింది కూడా.

నాకూ, హిక్మత్ అన్నకీ తగ్గుతుందంటున్నారు. రానోకి చీలమండల కింద స్పర్శ లేదు. గోడ పట్టుకుని నడుస్తోంది. నిన్న నన్ను అడిగింది, "మీ పెద్దమ్మకి ముందే తెలుసా?" అని.

ఇంజనీరుని పనిలోంచి ఆపేశారు. పరీక్ష చేయించకుండా సంతకం పెట్టాడని విచారణ. అతని ఫైల్లో మీ కాగితం ఉంది. "ఇంకేమీ లేదు" అన్న మాట కింద ఎవరో ఎర్ర సిరాతో గీత గీశారు. టెలిగ్రాం వెనక వచ్చిన మీ ఉత్తరం చూపించాను. దాంతో కమిషన్ వాళ్ళు, తోట మందు తెచ్చి గోడకి పూసినవాడి పేరు గుమ్మం మీద ఉండకూడదని తీర్మానించారు. ఆగస్టు చివర్లో పెదనాన్న పలక తీసేస్తారు.

ఒకటి అడగాలి. పెదనాన్న మంచంలో ఉన్నప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. రష్యన్ డాక్టరమ్మ వచ్చింది. ఆయన చెయ్యి పట్టుకుని గోళ్ళు కిటికీ వైపు తిప్పి చూసింది. "ఈయన ఏ మందులైనా ముట్టుకుంటాడా? తోటలో గానీ, పొలంలో గానీ?" అని మిమ్మల్ని అడిగింది. నేను తలుపు దగ్గరే ఉన్నాను. "గంచ్ తప్ప ఏమీ ముట్టుకోడు" అన్నారు మీరు.

అప్పుడు మీకు తెలుసా?

మస్తూరా.


చిమ్‌కెంత్,
1988 ఆగస్టు 9.

మస్తూరా,

తెలుసు.

నువ్వు తలుపు దగ్గర ఉన్నావని ఇన్నాళ్ళూ నాకు తెలియదు. ఇప్పుడు చెప్పేది నీకూ చెబుతున్నాను, కమిషన్‌కీ చెబుతున్నాను. నైలా రెండు కాగితాల మీద రాస్తుంది, రెండింటి మీదా వేలిముద్ర వేస్తాను. వాళ్ళకి చదివి వినిపించు. మధ్యలో ఎవరైనా అడ్డం వస్తే, ముసల్ది తన కేసు తానే చెప్పుకుంటోంది, నోరు మూసుకుని వినండి అని చెప్పు.

పోయిన ఉత్తరంలో కూడా అబద్ధం చెప్పాను. ఆ పొడి తెచ్చింది మీ పెదనాన్న కాదు. నేను.

ఆయన తోట గడప తొక్కి ఎరగడు. తోటలో పనిచేసింది నేను, నాలుగు వసంతాలు. సంచిలో పచ్చ పొడి నింపుకుని చెట్ల మీద దులిపేవాళ్ళం. డబ్బా మీద అక్షరాలుండేవి. ఏం రాసుందో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ అది సాకుగా చెప్పను. మా బ్రిగేడ్ ముఠా పెద్ద రోజూ పొద్దున్నే నోటితో అరిచి చెప్పేది: "ముక్కుకి గుడ్డ! చేతులు కడగందే నోట్లో ఏదీ పెట్టొద్దు! ఆవులు ఈ గడ్డి తింటే చస్తాయి!" నా రెండు చెవులతో విన్నాను.

ఆ ఏడు ఆయన రంగు లేక గూళ్ళ ముందు తల పట్టుకుని కూర్చుంటే చూడలేకపోయాను. పావడా కింద కట్టుకుని ఒక డబ్బా తెచ్చాను. "తాష్కెంత్ నుంచి వచ్చిందట, గోదాములో ఇచ్చారు" అన్నాను. నమ్మాడు. జిగురులో కలిపి మొదటి గూటికి పూసేసరికి గదిలో వెలుగే మారిపోయింది. ఆయన నావైపు తిరిగి, "నువ్వూ ఉస్తావేనే, నా సరి పనిమంతురాలివే" అన్నాడు. పెళ్ళయి పదిహేనేళ్ళు. ఇసుక జల్లెడ పట్టాను, గంచ్ వేయించాను, జిగురు కాచాను. ఒక్కసారైనా ఆ మాట అనలేదు. ఆ మాట ఇంకోసారి వినాలని మరో రెండు డబ్బాలు తెచ్చాను. ఏడు గూళ్ళూ నిండాయి.

ఇంకా ఉంది. రాయి నైలా, కళ్ళు తర్వాత తుడుచుకో.

కలిపేటప్పుడు నేను ముక్కుకి గుడ్డ కట్టుకునేదాన్ని. తోటలో అలవాటైన చెయ్యి, దానంతటదే కట్టుకుంది. ఆయన నవ్వేవాడు, "గోడ ముందు ముఖం దాచుకుంటావేమే, గోడ నీ మామగారా?" అని. ఆయన గుడ్డ లేకుండా, ఎండిన పచ్చ మీద అంచులు చెక్కుతూ, రెల్లు గొట్టంతో ఊదుతూ, ఆ దుమ్ములో మూడు నెలలు నిలబడ్డాడు. నేను చూస్తూ ఉన్నాను. "నువ్వూ కట్టుకో" అంటే "ఎందుకు" అంటాడు. అప్పుడు చెప్పాలి. అందుకని అనలేదు. అదే మాటని తర్వాత నీకు గొప్పగా నేర్పాను, మీ పెదనాన్న ముఖం దాచుకోలేదని.

డాక్టరమ్మ అడిగిన రోజు నోరు తెరిచి ఉంటే, మీకిప్పుడు వేస్తున్న సూదులు ఆయనకీ వేసేవాళ్ళేమో. తెరవలేదు. మా వీధిలో గుప్పెడు సర్కారు గోధుమలు తీసినందుకు ఒకావిడ ఏడేళ్ళు వెళ్ళొచ్చింది. నేను మూడు డబ్బాలు తీశాను. నేను జైలుకి పోతే తల్లి లేని నువ్వు ఏమవుతావోనన్న భయమూ ఉంది. కానీ నిన్ను అడ్డం పెట్టుకోను. భయం నాదే. ఆయన మంచం మీంచి నా ముఖంలోకే చూస్తున్నాడు. నేను "గంచ్ తప్ప ఏమీ ముట్టుకోడు" అన్నాను. ఆయన, "అవును డాక్టరమ్మా, గంచ్ తప్ప ఏమీ లేదు" అన్నాడు. నన్ను నమ్మి అన్నాడు.

పోయినవాడి మర్యాద కోసం దాచానని రాశాను. అదీ అబద్ధమే. నన్ను దాచుకోవడానికి ఆయన పేరు కప్పుకున్నాను. ఏప్రిల్‌లో నువ్వు అడిగితే డాక్టరమ్మకి చెప్పిన జవాబే నీకూ చెప్పాను. ముప్పై ఏళ్ళు గడిచినా నా నాలుక కొత్త మాట నేర్చుకోలేదు.

కమిషన్ వారికి. ఉస్తా నేమత్‌కి ఏ పాపమూ తెలియదు, ఆయన పలక ముట్టుకోకండి. ఇంజనీరు పరీక్ష చేయిద్దామన్నాడు, మాస్కులు ఇచ్చాడు, తడిపి గోకమన్నాడు. ముగ్గురి ప్రాణాల గురించి సరిగ్గా ఆలోచించింది అతనొక్కడే. అతను సంతకం పెట్టింది నా అబద్ధం మీద. అతన్ని పనిలోకి తీసుకోండి. అడగాల్సింది నన్ను. చిమ్‌కెంత్‌లోనే ఉన్నాను, తుంటి విరిగి ఉన్నాను, ఎక్కడికీ పారిపోలేను.

రానోకి. అమ్మా, "మీ పెద్దమ్మకి ముందే తెలుసా" అని మస్తూరాని అడిగావట. ముందే తెలుసు.

అంజిరత్ వేలిముద్ర.


కోకంద్,
1988 సెప్టెంబరు 14.

పెద్దమ్మకి,

మీ కాగితం కమిషన్ ముందు చదివాను. మధ్యలో ఎవరూ మాట్లాడలేదు. పలక తీయడం మానుకున్నారు. ఇంజనీరు మళ్ళీ పనిలోకి వచ్చాడు. మీ మీద కేసు వద్దనుకున్నారు, "ముప్పై ఏళ్ళయింది, ఆవిడ వయసు చూడండి" అన్నారు. ఈ మాట మీకు నచ్చదని తెలుసు.

రానో మొన్న ఇరవై అడుగులు గోడ పట్టుకోకుండా నడిచింది. ఎవరూ లెక్కపెట్టమనలేదు, తనే గట్టిగా లెక్కపెడుతూ నడిచింది. మీ జవాబు చదివి వినిపించాను. "అడిగిన దానికి చెప్పింది కదా" అంది. అంతే.

నా కోపం పోలేదు. పోయినప్పుడు రాస్తాను. నన్ను పెంచిన చేతుల మీద ఎలా కోప్పడాలో కూడా మీరు నేర్పలేదు.

పని మళ్ళీ మొదలైంది. ఇప్పుడు మాస్కు లేందే ఆ గదిలోకి అడుగు పెట్టనివ్వరు. గోడలకి తుంపర కొట్టి, గదిలో పేరుకున్న పచ్చ దుమ్ముని లేవకుండా తడి గుడ్డతో ఎత్తుతున్నాం. ఊదే రెల్లు గొట్టాలన్నీ ఇంజనీరు విరిచి పొయ్యిలో పెట్టాడు. ఉప్పు పైకొస్తుందని భయపడ్డాను. కొంచెం వచ్చింది, తుడిస్తే పోయింది. ఇన్నేళ్ళు దీనికా భయపడ్డాం అనిపించింది.

మిగిలిన మూడు గూళ్ళు గోకడం లేదు. పచ్చని అలాగే ఉంచి, పైన గంచ్‌తో మూసేస్తాం. లోపల విషం ఉందని ఒక కాగితం రాసి, గాజు గొట్టంలో పెట్టి గోడలో ఉంచాలని ఇంజనీరు అంటున్నాడు, వందేళ్ళ తర్వాత వచ్చే పనివాళ్ళ కోసం. అందులో ఏం రాయాలో మిమ్మల్ని అడగమన్నది అతనే.

మస్తూరా.


చిమ్‌కెంత్,
1988 సెప్టెంబరు 27.

మస్తూరా,

కోపం పోగొట్టుకోవాలని తొందరపడకు. నన్ను జాలి పడి వదిలేశారని రాశావు, నువ్వైనా వదలకు.

కాగితంలో ఇది రాయండి. ఈ గూళ్ళలో ఉన్నది తోట పురుగుల మందు. యాభై ఆరులో కోకంద్ అంజిరత్ తెలిసి తెచ్చి కలిపింది. ఉస్తా నేమత్ తెలియక పూశాడు, దాని వల్లే చనిపోయాడు. ఎనభై ఎనిమిదిలో మస్తూరా, రానో, హిక్మత్ దీని వల్ల జబ్బు పడ్డారు. పొడిగా గోకొద్దు, ఊదొద్దు, ముక్కు మూసుకోండి. గంచ్‌ని తడపకూడదని అంజిరత్ నేర్పింది తప్పు. ఇన్ని మాటలూ పట్టకపోతే నా పేరు ఉంచి మిగతావి కుదించండి.

కానీ ఇంజనీరుతో చెప్పు, ఆ కాగితం చాలదు. వందేళ్ళకి వచ్చేవాళ్ళలో నాలాంటిది ఒకతి ఉంటుంది. జల్లెడ పట్టేది, రంగు కలిపేది, అక్షరం రానిది. గాజు గొట్టం దొరికితే లోపలి కాగితంతో చెయ్యి తుడుచుకుంటుంది. దానికి ఎవరు చెబుతారు?

అందుకని ఇలా చెయ్యండి. ముందు పచ్చ మీద పలచటి నూలుగుడ్డ జిగురుతో అతికించండి, దుమ్ము లేవకుండా. దాని మీద ఎర్ర పూత వెయ్యండి. మూడు పాళ్ళు గంచ్, ఒక పాలు ఎర్ర ఇటుక పొడి. ఇటుక పొడిని రెండుసార్లు జల్లించండి, జల్లించేవాళ్ళు ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి. నీళ్ళలో చెంచాడు జిగురు వేస్తే గంచ్ వెంటనే గట్టిపడదు, కలపడానికి వ్యవధి ఉంటుంది. ఆ ఎరుపు ఆరాక పైన మామూలు తెల్ల గంచ్.

తెల్లగోడలో ఉన్నట్టుండి నెత్తురు రంగు బయటపడితే ఎవరైనా చెయ్యి ఆపుతారు. ఆపి, పక్కవాణ్ణి పిలుస్తారు. పిలిచాక ఎవరో ఒకరు కాగితం చదువుతారు.

కలిపేది ఎవరు? రానో చెయ్యి మెత్తన అన్నావు, కానీ రానోని ఆ గదిలోకి రానివ్వకు. నువ్వే కలుపు. ఎరుపు దగ్గర పిసినారితనం చెయ్యొద్దు. పలచగా వేస్తే ఉలి ఒక్క దెబ్బకే దాన్ని దాటి పచ్చలోకి పోతుంది. మందంగా వెయ్యి. వేలెడు మందం వెయ్యి.

పెద్దమ్మ.